రహీం సారు జట్టు

టోర్నమెంటు నడిచినన్ని రోజులూ ఒక జట్టును మనదనుకుని మనసులో మోసుకు తిరగడంలో ఏదో సుఖం ఉంది. అది మగవాళ్లకే తెలుసనుకుంటారు గానీ మనకూ తెలుసు. పొయ్యి మీద పాలు పెట్టి, చెవి మాత్రం ముందుగదిలో మోగే స్కోరుకు అప్పగించిన ఇల్లాళ్లు నాకు చాలామంది ఎరుక. మనవాళ్లు ఓడితే ఆ పూట కూర రుచించదు. గెలిస్తే పక్కింటావిడకు కారణం చెప్పకుండానే రెండు అరిసెలు ఎక్కువ ఇచ్చేస్తాం.

గద్వాల కోటలోని కాలేజీలో నేను బి.ఏ. చదివేటప్పుడు మా అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుతో అలాగే తిరిగాను. నాకు బంతి పట్టడం కూడా రాదు. కాలేజీల మధ్య పోటీలంటే చాలు, వనపర్తి అయినా నాగర్‌కర్నూల్ అయినా సరే, ఎర్రబస్సెక్కి ఆ పిల్లల వెనకాలే వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చేదాన్ని. మొదటి ఆట ఓడిన జట్టుకు కూడా ఇంకో ఆట మిగిలి ఉంటుందనీ, లెక్కలు వేసుకుని ఆశ పెట్టుకోవచ్చనీ అప్పుడే నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో మా తాత నా పిచ్చి చూసి నవ్వి, నువ్వు చూసేది ఏం జట్టు, జట్టంటే రహీం సాబ్ జట్టు అనేవాడు. తాత హైదరాబాదులో పోలీసు కొలువు చేసి, రిటైరయ్యాక వనపర్తికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన చెప్పే కబుర్లు ముసలితనపు గొప్పలనుకునేదాన్ని. 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చాక చాలామంది ఇళ్లలో ఎవరీ రహీం అన్న ప్రశ్న లేచింది. మా ఇంట్లోనూ లేచింది. సినిమాను సినిమాగానే చూడాలి కాబట్టి, సినిమా పక్కన పెట్టి, ఆయన బతుకును నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకున్నాడు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. చదువయ్యాక ఏ కచేరీలోనో పెద్ద ఉద్యోగం చూసుకోకుండా బడిపంతులయ్యాడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆఖరి రెండు బళ్లలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నాడు. మన తెలంగాణలో పంతుల్ని సారు అంటాం కదా, అందుకే ఆయన్ని రహీం సారు అనడమే నాకు సబబుగా తోస్తుంది. పోలీసు జట్టుకూ భారత జట్టుకూ కోచ్ అయ్యాక కూడా ఆయన పనితనమంతా పంతులు పనితనమే.

ఆడే రోజుల్లో ఆయన జట్టు ఒక కాలేజీ జట్టే. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది చూశారా, పెద్ద పెద్ద గుమ్మటాల భవనం, ఆ కాలేజీలో చదువుతున్నవాళ్లూ చదివి వెళ్లినవాళ్లూ కలిసి ఇలెవెన్ హంటర్స్ అని ఒక జట్టు కట్టుకున్నారు. దానికే తర్వాత సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ అని పేరు మార్చారు. నిజాం కాలపు హైదరాబాదులో పేరున్న జట్లలో అదొకటి. కాలేజీ వదిలేసినా కాలేజీ జట్టును వదలని ఆ కుర్రాళ్లలో రహీం ఒకడు. జీతం లేదు, లాభం లేదు. సాయంత్రం బడి గంట కొట్టగానే మైదానానికి పోవడం, అంతే.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చనిపోయేదాకా ఆ పని ఆయనదే. కార్యదర్శి అంటే కుర్చీలో కూర్చునే పని అనుకునేరు. ఏ గల్లీలో ఏ కుర్రాడు చెప్పుల్లేకుండా బాగా ఆడుతున్నాడో వెతుక్కుంటూ తిరగడమే ఆయన చేసిన కార్యదర్శిత్వం.

ఇక్కడ మన పాలమూరు వాళ్లం కాస్త గర్వపడే ముచ్చట ఒకటి చెప్పాలి. హైదరాబాదు నగర పోలీసులకు పెద్దను అప్పట్లో కొత్వాల్ అనేవారు. 1920 నుంచి 1934 దాకా ఆ కొత్వాల్‌గిరీ చేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మన వనపర్తి సంస్థానంలోని రాయనిపేటలో పుట్టినవాడే. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. ఫుట్‌బాల్ జట్టు గెలుపుల్లో ఆయనకు వాటా ఉందని నేననను, ఆ గెలుపులు ఆయన దిగిపోయాక చాలా ఏళ్లకు వచ్చినవి. అయినా నగర పోలీసు అన్న మాట వినబడగానే వనపర్తిలో ముసలివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆయనే. తాత రహీం సాబ్ కథ మొదలుపెట్టినా కొత్వాల్ సాబ్ దగ్గర ఒకసారి ఆగకుండా ముందుకు పోయేవాడు కాదు.

ఆ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు రహీం 1950లో కోచ్ అయ్యాడు. సంవత్సరం ఒకసారి గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగి నిజాం రాజ్యం పోయింది. నగరం ఇంకా తడబడుతూనే ఉంది. ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియదు, ఎవరి ఇంట్లో ఏ భయం ఉందో చెప్పలేం. అలాంటి ఊరి నుంచి కానిస్టేబుళ్ల జట్టు ఒకటి బొంబాయి వెళ్లింది, రోవర్స్ కప్పు ఆడడానికి.

రోవర్స్ కప్పంటే 1891లో తెల్లవాళ్ల పటాలాల కోసం మొదలైన టోర్నమెంటు. దేశంలో పెద్ద కప్పులు మూడుంటే అందులో ఒకటి. ఓడితే ఇంటికి, గెలిస్తే తర్వాతి ఆటకు. కలకత్తా నుంచి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి మహామహులు వచ్చేవారు. ఆ కప్పును 1950లో సిటీ పోలీసు గెలిచింది. సరే, ఒకసారి అదృష్టం అనుకుందాం. 1951లో మళ్లీ గెలిచింది. 1952, 1953, 1954. వరసగా ఐదేళ్లు! అటువంటి వరస ఆ కప్పు చరిత్రలో ఇంకెవరికీ లేదు. ఢిల్లీలో ఆడే డ్యూరాండ్ కప్పు కూడా 1950లో గెలిచారు, ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదట సమంగా నిలిచి, మళ్లీ ఆడి ఒక్క గోలు తేడాతో. 1954లో ఇంకోసారి తెచ్చారు.

తాత చెప్పేవాడు, బొంబాయి నుంచి తంతి వచ్చే రోజున స్టేషన్‌లో పని జరిగేది కాదట. కాగితాలు కాగితాల్లాగే ఉండేవి, దొంగలు కూడా స్కోరు అడిగేవారట. ఈ చివరి మాట తాత కల్పించాడని నా అనుమానం.

రహీం సారు చేసిందేమిటి మరి? నాకు ఆట సూక్ష్మాలు అంతగా తెలియవు కానీ, పిల్లలకు అక్షరాలు దిద్దించిన తల్లిగా కొన్ని అర్థమవుతాయి. అప్పట్లో మనదేశంలో బాగా ఆడడమంటే బంతి కాలికి దొరికాక పదిమందిని తప్పించుకుంటూ ఒక్కడే పోవడం. చూసేవాళ్లు ఈలలు వేస్తారు, వాడికి పేరొస్తుంది, జట్టు ఓడుతుంది. రహీం దీన్ని బడిలోనే విరిచేశాడు. బంతిని తనదగ్గర అట్టే పెట్టుకోకుండా వెంటనే ఇంకొకరికి ఇచ్చే ఆట నేర్పాడు. దానికోసం తప్పించుకుంటూ పోవడమే నిషేధించిన టోర్నమెంట్లు పెట్టాడు పిల్లలకు. కుడికాలు వాటం వాళ్లు ఎడమకాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ. చిన్న మైదానంలో కొద్దిమందితో వేగంగా ఆడించేవాడు. ఎడమచేత్తో రాయమంటే పిల్లవాడు ఎంత గింజుకుంటాడో మనకు తెలుసు. వాళ్లూ గింజుకునే ఉంటారు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయిపోయాయి.

పేద పిల్లల్ని ఆయన దొరకబుచ్చుకున్న తీరు కూడా చెప్పుకోవలసిందే. తులసీదాస్ బలరాం అని సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తమిళ కుటుంబపు కుర్రాడు. ఇంట్లో గడవడమే కష్టం. వాడి ఆట చూసి రహీం హైదరాబాదు జట్టు శిక్షణకు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బులు లేవు. సైకిలు అద్దెకు తీసుకోమని ఆ డబ్బు ఏర్పాటు చేశాడు సారు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. ఫీజు కట్టలేక బడి మానేసే పిల్లవాడి ఇంటికి వెళ్లి తీసుకొచ్చే పంతుళ్లు మన ఊళ్లలోనూ ఉండేవారు. అదే జాతి.

భారత జట్టు కూడా 1950లలో ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్ మీద సాహు మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో అంతా తలకిందులు. చలిలో, తడి నేల మీద, మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1. పది గోల్స్! ఒట్టి కాళ్లతో ఆడడం ఏదో గొప్ప అని మన పత్రికలు రాసుకున్న రోజులవి. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాకైతే ఆ ఓటమి లేకపోతే తర్వాతి గెలుపులు లేవనిపిస్తుంది. పరీక్ష తప్పిన పిల్లాడిని తిట్టకుండా ఎక్కడ తప్పాడో చూసే పంతులు దొరకడమే అదృష్టం.

1956 మెల్‌బోర్న్. ఆ నవంబరు ఒకటినే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైదరాబాదు రాష్ట్రం అన్నది పటం మీద లేకుండా పోయింది. అదే నెలాఖరుకు హైదరాబాదు కుర్రాళ్లు పలువురు భారత జట్టులో భాగంగా ఆస్ట్రేలియాలో ఉన్నారు. మొదటి రౌండు ఆడాల్సిన హంగరీ పోటీ నుంచి తప్పుకుంది. తర్వాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియానే 4-2తో కొట్టారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్స్‌లో అలా మూడు కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్లో మళ్లీ ఆ యుగోస్లావియా. మొదటి గోలు మనదే, నెవిల్‌దే. కాసేపైనా ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి. ఆ తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు. కంచు పతకం ఆట బల్గేరియాతో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో సెమీఫైనల్ దాకా వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. ఇప్పటికీ మన దేశానికి అంతకుమించిన స్థానం రాలేదు.

రాష్ట్రం పోయినా పేరు మాత్రం కొన్నాళ్లు మిగిలింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ పేరుతోనే 1956లో, 1957లో రెండేళ్లు గెలిచారు, రెండుసార్లూ రహీం శిక్షణలోనే. సిటీ పోలీసు జట్టు తర్వాత ఆంధ్ర పోలీసు అయింది. జట్టు అదే, సారు అదే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గుంపులో పడ్డాం. హంగరీతో 2-1 తేడాతోనే ఓడాం, మన గోలు బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1. పెరూ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టులో సభ్యుడు. కొడుకైనా ఒక్క ఆటలో కూడా దించలేదు ఆ తండ్రి. ఆ రాత్రి ఇంటికొచ్చాక వాళ్లమ్మ ఎవరి పక్షం పట్టి ఉంటుందా అని ఈ సంగతి చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది. హకీం తర్వాత వైమానిక దళంలో పనిచేసి, అంతర్జాతీయ రిఫరీ అయ్యి, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు.

ఇక 1962 దగ్గరికి వచ్చాను. దీన్ని మాత్రం తొందరగా చెప్పి వదిలేయడం నా వల్ల కాదు.

ఆగస్టు 24న జకార్తాలో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. రహీంకు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు. వయసు యాభై మూడు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు ఇప్పుడున్నంత వైద్యం లేదు. ఆ స్థితిలో మనింట్లో మగమనిషి ప్రయాణం పెట్టుకుంటే సూట్‌కేసు దాచేస్తాం. ఆయన వెళ్లాడు.

వెళ్లాక మొదటి ఆట దక్షిణ కొరియాతో. 2-0తో ఓడిపోయాం. ఒక జట్టు వెంట టోర్నమెంటంతా నడిచినవాళ్లకే తెలుస్తుంది, మొదటి ఆట ఓడడం ఎట్లా ఉంటుందో. ఇంకా అంతా అయిపోలేదని ఒక గొంతు, అయిపోయిందని ఇంకో గొంతు. తర్వాతి ఆట థాయిలాండ్‌తో. 4-1 తేడాతో గెలిచాం కానీ, మన రక్షణకు గోడలా నిలబడే జర్నైల్ సింగ్‌కు తల పగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆటకు అతను లేడు. అయినా 2-0తో నెగ్గి సెమీఫైనల్‌కు చేరారు.

ఇక్కడ సారు ఒక పని చేశాడు. తలకు కుట్లున్న మనిషిని వెనక నిలబెడితే బంతిని తలతో ఆపాలి, దెబ్బ మీద దెబ్బ. పక్కన కూర్చోబెడితే జట్టుకు ధైర్యం పోతుంది. అందుకని జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరసలో, గోలు కొట్టే చోట నిలబెట్టాడు. కాలేజీ రోజుల్లో ఆ పంజాబీ కుర్రాడు ముందువరసలో ఆడేవాడని ఆయన మరచిపోలేదు. పరీక్షకు ముందు ఏ పిల్లవాడికి ఏ పాఠం వచ్చో గుర్తుంచుకున్న పంతులి పని అది. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్. మనవాళ్లు రెండు గోల్స్ ముందుకు వెళ్లి, రెండూ పోగొట్టుకున్నారు. 2-2. కెప్టెన్ చునీ గోస్వామి మూడోది కొట్టాడు. మనం గెలిచిన ఆ మూడింటిలో ఒకటి తలకు కట్టుతో ఆడిన జర్నైల్‌ది.

ఫైనల్ మళ్లీ దక్షిణ కొరియాతోనే. మొదటి రోజు మనల్ని ఓడించినవాళ్లే.

ఈలోగా బయట వేరే గొడవ ముదిరింది. ఇండొనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు వీసాలు ఇవ్వలేదు. ఆసియా క్రీడల సంస్థలో పెద్దమనిషి, మన భారతీయుడు జి.డి. సోంధీ, అటువంటప్పుడు వీటిని ఆసియా క్రీడలనడం కుదరదన్నాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందో లేదో పెద్దలు తేల్చుకోవాలి. దెబ్బ మాత్రం ఆటగాళ్లకు తగిలింది. జకార్తా జనం మన రాయబార కార్యాలయం మీదికి వెళ్లారు. మన వాళ్లు బయట తిరగడమే భయమైంది. ఊరంతా మన మీద కోపంగా ఉన్న చోట, లక్ష మంది పట్టే స్టేడియంలో, పదకొండు మంది కుర్రాళ్లు నిలబడి ఆడాలి.

ఫైనల్ ముందు రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. రహీం వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, మీరంతా కలిసి నాకొక కానుక ఇవ్వాలి, రేపు బంగారు పతకం తెచ్చివ్వండి అన్న అర్థంలో అడిగాడట. జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి. సారు జబ్బు సంగతి వాళ్లలో కొందరికి లీలగా తెలుసు. పి.కె. బెనర్జీ, చునీ లాంటివాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఈ మాట చెబుతూ కళ్లు తుడుచుకునేవారని చదివాను. చదువు చెప్పిన పంతులు పోతూ పోతూ ఏదైనా అడిగితే ఇవ్వకుండా ఉండగలమా మనమైనా.

1962 సెప్టెంబరు 4. మన జాతీయగీతం మోగుతుంటే స్టేడియం గోల చేసింది. గోలు దగ్గర సారు మరో మార్పు చేశాడు. సెమీఫైనల్లో బాగానే ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను ఆపి, ఫ్లూ జ్వరం నుంచి అప్పుడే లేచిన పీటర్ తంగరాజ్‌ను నిలబెట్టాడు. కొరియావాళ్లు బంతిని పైనుంచి వేస్తారు, అందుకు ఆరడుగులు దాటిన మన పొడగరే కావాలి. తంగరాజ్ కూడా హైదరాబాదు కుర్రాడే. వంటలో మంచి కూర చేసిన గరిటెను మార్చొద్దంటారు పెద్దవాళ్లు. సారు మార్చాడు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. ఇంకో మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్, ఆ కుట్లు పడ్డ తలతోనే ఆడుతూ, రెండోది. అంత గోల చేసిన జనం ఒక్కసారి చల్లబడ్డారు. ఆ స్టేడియంలో మన కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లని ఆటగాళ్లు గుర్తు చేసుకునేవారు. ఈ ఒక్క ముచ్చట వింటే నాకు చాలా హాయిగా ఉంటుంది. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. ఆఖరి ఐదు నిమిషాలు మైదానం పక్కన కూర్చున్న ఆ జబ్బు మనిషి ఊపిరి ఎట్లా ఆడిందో నేను ఊహించలేను. తంగరాజ్ ఇంక దేన్నీ లోపలికి పోనివ్వలేదు. బంగారు పతకం వచ్చింది. ఆ జట్టులో హైదరాబాదు నుంచి బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన దేశానికి బంగారం మళ్లీ రాలేదు. 1970లో కంచు ఒకటి వచ్చింది, అంతే.

తిరిగొచ్చాక రహీం ఎక్కువ కాలం లేడు. మంచం పట్టాడు. 1963 జూన్ 11న పోయాడు. బతికుండగా ప్రభుత్వం ఆయనకు పెద్ద బిరుదేదీ ఇవ్వలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అసలు పుట్టిందే 1985లో. ఆయన శిష్యుల్లో చాలామందికి అర్జున అవార్డులు వచ్చాయి, పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి పద్మశ్రీలు అయ్యారు. పంతుళ్ల బతుకు ఇంతే కదా, పిల్లల పేర్లు బోర్డు మీద ఉంటాయి, బోర్డు తుడిచినవాడి పేరు ఎవరూ రాయరు. ఇది నా అక్కసు అనుకోండి, నేను దాచను.

ఆయన తయారుచేసిన ఊరు మాత్రం అలాగే నిలబడలేదు. హైదరాబాదు నుంచి కలకత్తా, బొంబాయి జట్లకు ఆటగాళ్లు తరలిపోయారు. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, పెళ్లి చేసుకోకుండా, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో పోయాడు. 2020లో నలభై రోజుల తేడాతో పి.కె., చునీ ఇద్దరూ వెళ్లిపోయారు. 2021 ఆగస్టులో హకీం. మా తాత వాళ్లకంటే ముందే వెళ్లాడు. సినిమా చూసి ఉంటే తప్పులు పట్టేవాడు, ఏడ్చేవాడు కూడా.

మన జిల్లాల్లో ఆడపిల్లలు ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసేవాళ్లు ముక్కున వేలేసుకోవడం తగ్గింది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టులో ఆడింది. రహీం కాలంలో అమ్మాయిలకు ఆ దారే లేదు. గల్లీ గల్లీ తిరిగే ఆ మనిషి కంట పడాల్సిన పిల్లలు ఎందరు వంటింట్లో ఉండిపోయారో.

రహీం పోయిన ఆ 1963లోనే ఆంధ్ర పోలీసు జట్టు మళ్లీ బొంబాయి వెళ్లింది, ఆయన లేకుండా. రోవర్స్ కప్పు గెలిచి తెచ్చింది. ఆ సీజను డ్యూరాండ్‌లో కూడా ఫైనల్ దాకా వెళ్లి మోహన్ బగాన్ చేతిలో ఓడింది.